మాత్ర ఆపడం కూడా చిన్న విషయం కాదు

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై నాలుగేళ్లు. మాది పాకాల పక్కన పల్లె. ఇప్పుడు నాకు తొమ్మిదో వారం. నెల తప్పిందని తెలియక ముందు పన్నునొప్పి వస్తే మా ఆయన మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చినాడు. ఐబూప్రొఫెన్, పారాసెటమాల్ కలిసిన మాత్ర మూడు రోజులు, అమాక్సిసిలిన్ ఐదు రోజులు వేసుకున్నా. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. పక్కింటామె అబార్షన్ చేయించుకోవడమే మంచిదంటోంది. రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర 50 వేసుకుంటున్నా. కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, ఆపేయమని మా అత్త అంటే పన్నెండు రోజులుగా ఆపేసినా. వాంతులకని నాటువైద్యుడి దగ్గర నల్ల ఉండలు తెచ్చి పెట్టినారు, ఇంకా వేసుకోలేదు. ఇంకో విషయం. మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చి ఇక్కడే ఉంది. బిడ్డకు 38 రోజులు. వారానికి రెండుసార్లు వస అరగదీసి పోస్తున్నారు. ఏడిస్తే గ్రైప్‌వాటర్. జలుబు చేస్తే మా బావగారి మూడేళ్ల పాప సిరప్ అర చెంచా పోసినారు. ఆడబిడ్డ జ్వరానికి మాత్ర వేసుకుందని రెండు రోజులు పాలివ్వనీయకుండా డబ్బా పాలు పట్టినారు. నేను చెబితే ఎవరూ వినరు. మా అత్త మంచిదే అక్కా. ఏం చేయాలో చెప్పు.

సమాధానం: చెల్లెమ్మా, ముందు రెండు పనులు చెబుతాను. అవి చేసేసి, మిగతాది నిదానంగా చదువు.

మొదటిది, థైరాయిడ్ మాత్ర రేపు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టు. నువ్వు ఇంతకుముందు వేసుకుంటున్న 50 ఒక్కటే. పన్నెండు రోజులు పోయింది కదా అని రెండు మూడు కలిపి వేసుకోవద్దు. రెండు మూడు రోజుల్లో డాక్టరును కలిసి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించు, ఒంట్లో థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష అది. రెండోది, ఆ సిరప్ సీసా బిడ్డ ఉన్న గదిలోంచి తీసెయ్. ఇంకొక్క చుక్క కూడా పోయొద్దు. పోసిన తర్వాత బిడ్డ మామూలుగా పాలు తాగుతూ, లేచి ఏడుస్తూ ఉంటే భయం లేదు. మత్తుగా పడుకునే ఉన్నా, పాలు పట్టకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

తిరుపతిలో పాతికేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. కడుపుతో ఉన్నవాళ్లు, బాలింతలు, చంటిబిడ్డల తండ్రులు రోజూ వస్తారు. నీలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది భయం వేసుకున్న మాత్ర గురించే. ఆపేసిన మాత్ర గురించి భయపడి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నీ ఉత్తరంలోనూ అంతే. పన్ను మాత్రల గురించి నిద్రపోవడం లేదని రాశావు, థైరాయిడ్ ఆపిన సంగతి మాత్రం మామూలుగా రాశావు. నా లెక్కలో ఈ రెండిటిలో పెద్దది థైరాయిడే.

ఎందుకో చెబుతాను. కడుపులో బిడ్డకు థైరాయిడ్ గ్రంథి తయారై, సొంతంగా హార్మోన్ చేసుకోవడం మూడో నెల చివర్లో మొదలవుతుంది. సరిపడా చేసుకోవడానికి అయిదో నెల దాకా పడుతుంది. అంతవరకు బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన హార్మోన్ తల్లి ఒంట్లోంచే రావాలి. నీ ఒంట్లో ముందే తక్కువ. ఇప్పుడు ఇద్దరికి చాలాలి. అందుకే థైరాయిడ్ మాత్ర వాడుతున్న చాలామందికి కడుపు పండగానే డోసు పాతిక నుంచి ముప్పై శాతం దాకా పెంచుతారు. పెంచాల్సిన సమయంలో నువ్వు ఆపేశావు. దీనికి నిన్ను గానీ మీ అత్తను గానీ నేను తప్పు పట్టడం లేదు, ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? తొమ్మిదో వారంలోనే అడిగావు, సమయం ఉంది. పరీక్ష చేసి డాక్టరు డోసు సరిచేస్తారు. ఆ తర్వాత ప్రతి నాలుగు వారాలకు ఒకసారి, సగం నెలలు గడిచేదాకా టీఎస్‌హెచ్ చూస్తుంటారు. ఇంకో మాట, ఈ మాత్ర వేడీ కాదు చలువా కాదు. మన ఒళ్లు తయారు చేసుకునే హార్మోన్‌నే మాత్రగా చేశారు. అన్నంలో ఉప్పు తక్కువైతే ఉప్పు వేసినట్టు, అంతే. మీ అత్తకు ఈ ఉప్పు మాట చెప్పి చూడు.

ఇప్పుడు పన్ను మాత్రలు. అమాక్సిసిలిన్ గర్భిణులకు డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్న మందు, దాని గురించి ఆలోచించకు. పారాసెటమాల్ కూడా అంతే, కడుపుతో ఉన్నప్పుడు నొప్పికి, జ్వరానికి ముందు వాడేది అదే. మిగిలింది ఐబూప్రొఫెన్. ఇది, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు గర్భిణులు వాడకూడదనే చెబుతాం. అసలు ప్రమాదం అయిదో నెల నుంచి, అంటే ఇరవై వారాలు దాటాక. అప్పుడు వాడితే బిడ్డ కిడ్నీలు సరిగా పనిచేయక ఉమ్మనీరు తగ్గిపోవచ్చు. చివరి మూడు నెలల్లో బిడ్డ గుండె దగ్గర ఉండే ఒక రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. నువ్వు వాడింది మొదట్లో, మూడే రోజులు. ఇక వాడొద్దు. జరిగిపోయిన దానికి మాత్రం కడుపు తీయించుకోవాల్సిన పని ఎంతమాత్రం లేదు. పక్కింటామె ప్రేమతోనే చెప్పి ఉంటుంది, కానీ ఆ సలహా తప్పు. ఏ మాత్రా ముట్టని తల్లులకు పుట్టిన బిడ్డల్లో కూడా వందకు ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. అది చూడటానికే స్కాన్లు. 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాలప్పుడు టిఫా స్కాన్. ఈ రెండిటికీ వెళ్లినప్పుడు, ఫలానా వారంలో ఫలానా మాత్ర వేసుకున్నానని మాత్రల పేర్లతో సహా చెప్పు. దాచొద్దు.

ఇక్కడ మా వృత్తివాళ్ల తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మీ ఆయన పన్నునొప్పి అనగానే మాత్రలు కత్తిరించి ఇచ్చిన షాపులో ఎవరికి, వయసెంత, కడుపుతో ఉన్నారా, పాలిస్తున్నారా అని అడగాల్సింది. అడగలేదు. అమాక్సిసిలిన్ అట్ట చూడు, ఎర్రటి నిలువు గీత ఉంటుంది. ఆ గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, మనం అడిగి తెచ్చుకోనూ కూడదు. ఇకనుంచి ఏ షాపుకు ఎవరు వెళ్లినా, రోగం పేరు చెప్పే ముందు "కడుపుతో ఉన్నామెకు" అనే మాట చెప్పమను. అట్ట మీద మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపు కత్తిరించి పారేయకుండా తెచ్చుకోమను.

మీ అత్త భయం గురించి కూడా ఒక మాట. అది ఊరికే వచ్చిన భయం కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. నిద్రకు, వేవిళ్లకు చాలా మంచిదని ఎన్నో దేశాల్లో గర్భిణులకు ఇచ్చారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు పదివేలమందికి పైగా బిడ్డలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. ఇప్పుడు కొత్త మందుల్ని గర్భిణుల విషయంలో ఇంత అనుమానంగా చూడటానికి ఆ బిడ్డలే కారణం. ఈ రోజుకీ కొన్ని మందులు కడుపులో బిడ్డకు నిజంగా చేటు చేస్తాయి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, బీపీకి వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్, యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్. అయితే వీటిలో కూడా సొంతంగా ఆపేసే హక్కు మనకు లేదు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు వేరే మందుకు మారుస్తారు, మెల్లగా మారుస్తారు. ఉబ్బసం ఇన్‌హేలర్ కూడా అంతే. తల్లికి ఊపిరి ఆడకపోతే బిడ్డకు ఎక్కణ్ణుంచి ఆడుతుంది? బీపీ పెరిగే ప్రమాదం ఉన్నవాళ్లకు డాక్టర్లు చిన్న డోసు ఆస్పిరిన్ రోజూ వేసుకోమంటారు. "నొప్పి మాత్రలు వద్దన్నారు కదా" అని అది ఆపేసినామె మా షాపుకు వచ్చింది. ఆమెకు అది నొప్పి కోసం ఇవ్వలేదు. ఒక మందు మంచిదా చెడ్డదా అన్నది దాని పేరును బట్టి చెప్పలేం. ఎవరికి, ఏ నెలలో, ఎంత, ఎందుకు అన్నది చూసి చెప్పాలి.

జ్వరం విషయంలోనూ అదే. మాత్ర ఎందుకని జ్వరాన్ని అలాగే భరించేవాళ్లున్నారు. మొదటి నెలల్లో ఎక్కువ జ్వరం అలా వదిలేస్తే ఆ వేడే బిడ్డ వెన్నెముక ఏర్పడటాన్ని దెబ్బతీసే అవకాశం ఉంది. మూత్రంలో మంట ఉంటే బార్లీ నీళ్లు తాగి ఊరుకోవద్దు. ఆ ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకితే నెలలు నిండకుండానే కాన్పు వచ్చేయొచ్చు.

నల్ల ఉండల సంగతికి వస్తాను. మనది పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ప్రాంతం. నాటువైద్యం అంటే నాకు చిన్నచూపు లేదు, మా నాయన చెయ్యి విరిగినప్పుడు మేమూ పుత్తూరుకే పోయాం. కానీ విరిగిన ఎముకకు పైనుంచి కట్టే కట్టు వేరు, కడుపులోకి మింగే ఉండ వేరు. ఆ ఉండలో ఏమేం కలిపారో ఇచ్చినాయన పేర్లు రాసి ఇస్తాడేమో అడిగించు. ఇవ్వకపోతే ముట్టుకోవద్దు. కొన్ని నాటుమందుల్లో, భస్మాల్లో పాదరసం, సీసం దొరికాయి. సీసం మాయ దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. ఆయుర్వేదమే కావాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లి గర్భిణినని చెప్పి అడుగు.

వాంతులకు దారి ఉంది. పొద్దున లేవగానే మంచం దిగకముందే గుప్పెడు బొరుగులు నమిలి, ఒక పది నిమిషాలు పడుకుని లే. మూడు పూటలు కడుపు నిండా తినే బదులు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తిను. చిన్న అల్లం ముక్క కొంతమందికి పనిచేస్తుంది. తాలింపు వాసన పడకపోతే ఆ సమయంలో వంటింట్లో ఉండొద్దు, ఈ రెండు నెలలు ఇంట్లోవాళ్లు సర్దుకోవాలి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే డాక్సిలమైన్, విటమిన్ బీ6 కలిసిన మాత్ర ఉంది. దాని కథ థాలిడోమైడ్‌కు సరిగ్గా తిరగబడ్డ కథ. బిడ్డలకు లోపాలు వస్తాయని కోర్టు కేసులు పడి 1983లో అమెరికాలో కంపెనీ దాన్ని అమ్మడం ఆపేసింది. ఎన్ని పరిశోధనలు చేసినా తప్పు దొరకలేదు. ఆ రెండు మందులు కలిసిన మాత్రకే 2013లో అక్కడ మళ్లీ అనుమతి ఇచ్చారు. మనదేశంలో డాక్టర్లు వేవిళ్లకు ముందుగా రాసేది అదే. చీటీ రాయించుకో. తాగిన నీళ్లు కూడా నిలవకపోతే, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోతే, ఒళ్లు తూలుతుంటే మాత్రం ఇంట్లో ఉండొద్దు, సెలైన్ ఎక్కించాలి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆశా కార్యకర్త ఇచ్చి ఉంటుంది, మానకుండా వేసుకో. నాలుగో నెల నుంచి ఎర్రటి ఐరన్ మాత్రలు ఇస్తారు. రోజుకొకటి, 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడనే మాట మీ ఇంట్లో కూడా వస్తుంది చూడు. నల్లబడేది విరేచనం ఒక్కటే, బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వచ్చేది. కాల్షియం మాత్రలు రోజుకు రెండు. ఇక్కడ ఒక చిక్కుంది, చాలామందికి చెప్పరు. థైరాయిడ్ మాత్రను ఐరన్, కాల్షియం రెండూ ఒంటికి పట్టనివ్వవు. ఐరన్‌ను కాల్షియం పట్టనివ్వదు. నాలుగో నెల వచ్చాక అన్నీ ఒకేసారి గుప్పిట్లో పోసుకుని మింగితే ఏదీ సరిగా పనిచేయదు. నేను మా షాపుకు వచ్చేవాళ్లకు ఒక అట్టముక్క మీద ఇలా రాసిస్తాను: ఆరింటికి లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లతో. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాత. పదిన్నరకు ఐరన్, నిమ్మకాయ నీళ్లతో, దానికి అటూ ఇటూ గంట టీ కాఫీలు లేకుండా. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తింటూ ఒక కాల్షియం, రాత్రి అన్నంతో ఇంకొకటి. ఈ కాగితం డాక్టరుకు చూపించి, వాళ్లు మార్చమంటే మార్చి, పొయ్యి దగ్గర గోడకు అంటించు.

ఇక చంటిబిడ్డ. ఇక్కడ కొంచెం గట్టిగానే రాస్తాను, కోపం అనుకోవద్దు.

ఆ సిరప్ సీసా వెనక చిన్న అక్షరాలు చదివించు. పిల్లల జలుబు సిరప్పుల్లో ఎక్కువగా ఉండేవి క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అంటే మీ బావగారి మూడేళ్ల పాపకే అది వద్దు, 38 రోజుల బిడ్డకు ఎలా పోస్తాం? మొదటిది మత్తు తెస్తుంది, రెండోది గుండె వేగం పెంచుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా దగ్గర దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. సిరప్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే కూడదని, అయిదేళ్ల లోపు కూడా మామూలుగా వద్దని దేశమంతా చెప్పింది. ఆ వార్తలు వచ్చిన వారంలో మా షాపులో కూర్చుని ఒక తండ్రి ఏడ్చాడు. ఆయన బిడ్డకు ఏమీ కాలేదు. అంతకుముందు నెల ఆ బిడ్డకు ఏ సిరప్ పోశాడో పేరు గుర్తు రాక ఏడ్చాడు.

మరి జలుబుకు ఏం చేయాలి అంటే, ముక్కులో సెలైన్ చుక్కలు. షాపులో అడిగితే ఇస్తారు, ఉప్పునీళ్లే. పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు. బిడ్డను ఎత్తుకుని నిటారుగా ఉంచి, మాటిమాటికీ పాలివ్వడం. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రొమ్ముకు, వీపుకు రాయడం మన పల్లెల్లో ఉంది, అది వద్దని ఖచ్చితంగా చెప్పు. కర్పూరం చర్మంలోంచి లోపలికి పోయి, పసిబిడ్డలకు ఫిట్స్ తెప్పిస్తుంది. బామ్‌లూ అంతే. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం కూడా మానేయాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా అవుతుంది.

వస గురించి మీ అత్తతో మాట్లాడటం కష్టమని తెలుసు. మాటలు బాగా వస్తాయని తరతరాలుగా పోస్తున్నారు. మాటలు వచ్చేది మనం బిడ్డతో మాట్లాడటం వల్ల. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, ఎలుకలకు పెట్టి చూస్తే కణితులు వచ్చాయని అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో దాన్ని నిషేధించారు. ఇంత లోతుకు పోకుండా కంటికి కనిపించేది చూపించు. ఆ సానరాయిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. గరుకులో నల్లగా ఇరుక్కున్న మురికి, పోయినసారి అరగదీసినదాని చార, కడిగిన నీళ్ల తడి. అదంతా 38 రోజుల బిడ్డ కడుపులోకి పోతోంది. ఆరు నెలలు నిండేదాకా ఆ బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, మన రాయలసీమ ఎండల్లో కూడా. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు ఉంటే అవి మాత్రం వేయాలి, రోజుకు 400 యూనిట్లు. అదీ సీసా మీద ఒక మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో చూసుకునే. కొన్నిటిలో 400, కొన్నిటిలో 800 ఉంటాయి.

గ్రైప్‌వాటర్ ఎందుకు పోస్తున్నారో నాకు అర్థమైంది. సాయంత్రమయ్యేసరికి బిడ్డ ముఖం ఎర్రగా చేసుకుని, కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంటాడు, అవునా? ఇది చాలామంది బిడ్డల్లో రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే పోతుంది. మీ బిడ్డకు ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది, ఇంతకన్నా పెరగదనుకో. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిమరడం, పొట్ట మీద బోర్లా చేతుల్లో పడుకోబెట్టుకుని తిరగడం, ఈ పనులు మీ అత్తకు అందరికన్నా బాగా వచ్చు. రెండు మూడు రోజులు విరేచనం కాలేదని ఆముదం పోసే ఆలోచన కూడా వద్దు. తల్లిపాలు తాగే బిడ్డ నెల దాటాక కొన్ని రోజులు పోకపోయినా, పోయినప్పుడు మెత్తగా ఉంటే అది మామూలే.

ఆడబిడ్డ పాల సంగతి. పారాసెటమాల్ వేసుకున్న తల్లి పాలివ్వొచ్చు. ఐబూప్రొఫెన్ కూడా పాలిచ్చే తల్లికి పరవాలేదు, కడుపుతో ఉన్నామెకు వద్దన్నదే బాలింతకు సరిపోతుంది. డాక్టరు రాసే యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ భాగం సరిపోతాయి. బాలింతకు పనికిరానివి కొన్ని ఉన్నాయి, కోడీన్, ట్రామడాల్ లాంటివి. అవి పాలలోకి పోయి బిడ్డ ఊపిరిని మందగింపజేస్తాయి. అందుకే చీటీ రాయించుకునేటప్పుడు బిడ్డకు ఎన్ని రోజులో చెప్పాలి. మాత్ర వేసుకునేది బిడ్డకు పాలిచ్చిన వెంటనే అయితే ఇంకా మంచిది. ఇప్పుడు ఆపిన రెండు రోజులకు పాలు తగ్గినట్టుంటే కంగారు పడొద్దు, రోజుకు ఎనిమిది పది సార్లు రొమ్ముకు పెడితే మళ్లీ వస్తాయి. డబ్బా ఆపేయమని చెప్పు. అసలు ఆమెకు జ్వరం ఎందుకు వచ్చిందో ఎవరైనా చూశారా? రొమ్ములో ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, నొప్పి ఉంటే పాలు గడ్డకట్టిన జ్వరం. అలాంటప్పుడు ఆ రొమ్ము పాలు కూడా ఇస్తూనే ఉండాలి, డాక్టరుకు చూపించాలి. పాలు ఆపితే ఆ గడ్డ ఇంకా పెరుగుతుంది.

ఇంకో నాలుగు రోజుల్లో బిడ్డకు ఆరు వారాల టీకాలు ఉన్నాయి. ఆ రోజు రాత్రి జ్వరం రావచ్చు, ఏఎన్‌ఎం పారాసెటమాల్ ఎంత వేయాలో చెప్పి పంపుతుంది. ఇక్కడే నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఒకాయన చుక్కల మందు కొని తీసుకెళ్లి, అరగంటకు తిరిగొచ్చి "చెంచా ఇవ్వలేదు మేడమ్" అన్నాడు. ఎంత పోస్తావని అడిగితే "అయిదు ఎంఎల్" అన్నాడు. వాళ్ల పెద్ద పాపకు సిరప్ అంతే పోసేవాళ్లట. పిల్లల పారాసెటమాల్ చుక్కల సీసాలో మామూలుగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయిదు ఎంఎల్‌కు 120, 125 లేదా 250. అంటే చూడటానికి చిన్న సీసా, లోపల మందు రెండు నుంచి నాలుగు రెట్లు చిక్కన. నాలుగు కిలోల బిడ్డకు ఒకసారికి 40 నుంచి 60 మిల్లీగ్రాములు, అంటే ఆ చుక్కల మందులో అర ఎంఎల్ దగ్గర దగ్గర. ఆయన పోయబోయింది దానికి పదింతలు. లివర్ పోయేది. ఆయన చేతిలో డ్రాపర్ పెట్టి, అర గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి పంపాను. మీ ఇంట్లోనూ అలా గీత పెట్టించుకోండి. పెద్ద పాప సీసా, చిన్న బిడ్డ సీసా ఒకే అలమరలో ఉంచొద్దు. టీకా వేయించిన రోజున తప్ప, మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగకూడదు, నేరుగా ఆసుపత్రికే. పాలు తాగకపోవడం, ఫిట్స్, నిమిషానికి అరవై కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఒళ్లు చల్లబడటం, అరచేతులు అరికాళ్ల దాకా పసుపుపచ్చగా అవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంతే. మీకు తిరుపతి అయినా చిత్తూరు అయినా గంట, గంటంబావు దూరం. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రానుపోను వాహనం ఉచితం, డబ్బు కోసం ఆగొద్దు.

నీకు కూడా కొన్ని గుర్తులున్నాయి. రక్తం కనిపించినా, తలనొప్పి తగ్గకుండా కళ్లు మసకబారినా, ముఖం, చేతులు వాచినా, నెలలు పెరిగాక బిడ్డ కదలిక తగ్గినా పొద్దున చూద్దామనుకోవద్దు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితంగా ఉంటుంది. టీఎస్‌హెచ్ కోసం అంతదాకా ఆగకు, అది ఈ వారమే. 9వ తేదీకి మాత్రం మీ అత్తను కూడా పిలుచుకుని వెళ్లు. ఒక సంచిలో నల్ల ఉండలు, సిరప్ సీసా, థైరాయిడ్ డబ్బా, గ్రైప్‌వాటర్, పన్ను మాత్రల ఖాళీ అట్ట అన్నీ వేసుకో. డాక్టరు ముందు నువ్వు మాట్లాడకు, సంచి మీ అత్త చేతికివ్వు. బిడ్డల్ని పెంచిన మనిషి, ఏది ఎందుకు పోస్తున్నారో ఆమే ఒక్కొక్కటి తీసి చూపిస్తుంది, ఆమే అడుగుతుంది. కోడలు చెబితే వినని మాట డాక్టరు తనకే చెబితే వింటుంది. ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చాక అంకె ఎంతో, డోసు ఎంత చేశారో నాకు రాయి.